గురి కుదిర్చిన మనిషి – సర్ జోసెఫ్ విట్‌వర్త్

క్రిందటేడు ఎన్.సి.సి. క్యాంపులో రైఫిలు పట్టుకొని బోర్లా పడుకున్నాను. ఐదు గుళ్ళు పేల్చాను. ఒక్కటీ నల్లచుక్క దరిదాపులకు పోలేదు. పార పట్టిన చెయ్యి గదా, వణకదనుకున్నాను. వణికింది! ఇసక సంచి మీద ఆనించి పేలిస్తే నాలుగు ఒకేచోట చేరాయి. తుపాకీని కదలకుండా నిలబెట్టే సంగతి మీద లైబ్రరీలో వెదుకుతుంటే పాత పరిచయస్తుడే ఎదురుపడ్డాడు.

పరిచయం ఎలాగంటే, మా బావి దగ్గరి పాత ఆయిలింజను బోల్టులన్నీ విట్‌వర్త్ మరలే. ఒక ఎండాకాలం బోల్టు విరిగితే కొట్లో మిల్లీమీటరు బోల్టు అంటగట్టారు. రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంది. నాన్న బలవంతాన తిప్పేసరికి లోపలి మర కాస్తా పోయింది. మూడు రోజులు నీళ్ళు లేక అరెకరం మిరప వాడిపోయింది. విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, మిల్లీమీటరు మరది 60 అని అప్పుడు మా ఇంట్లో ఎవరికి తెలుసు?

ఆయన 1803 డిసెంబరు 21న ఇంగ్లండులోని స్టాక్‌పోర్టులో జన్మించాడు. పద్నాలుగో ఏట మేనమామ నూలుమిల్లులో పెట్టారు. అక్కడ ఇమడలేక మాంచెస్టరు పారిపోయి మెకానిక్కుగా చేరాడు. తర్వాత లండనులో మాడ్‌స్లే వర్క్‌షాపులో పని నేర్చాడు. ఇనుపపలకను అచ్చంగా చదును చేయడం ఆయన సాధించిన గొప్ప పని. రెండు పలకలను ఒకదానితో ఒకటి సరిచూస్తే చాలదు. ఒకటి ఉబ్బి, రెండోది గుంటపడినా రెండూ చక్కగా అతుకుతాయి. మూడింటిని జతలు మార్చి మార్చి గీకుతూ పోతే మూడూ చదునైతేనే అతుకుతాయి. మూడురాళ్ళ పొయ్యి మీద కుండ ఊగకపోవడం చూసిన మా పల్లెటూరివాళ్ళకు మూడు మహిమ వేరే చెప్పాలా! 1841లో దేశమంతటికీ ఒకే కొలత మరలు ప్రతిపాదించాడు.

1854లో ప్రభుత్వం రైఫిళ్ళు చేసే యంత్రాల సంగతి ఆయన్ను అడిగింది. ముందు గుండు ఎలా పోతుందో తెలియాలన్నాడు. మాంచెస్టరులో తన ఇంటి ఆవరణలోనే 500 గజాల పొడవున కప్పువేసిన గ్యాలరీ కట్టించి, దారిపొడుగునా పలుచని కాగితపు తెరలు కట్టి, చిల్లులను బట్టి గుండు దారి కొలిచాడు. చివరకు ఆరుపలకల గొట్టం, 20 అంగుళాలకో చుట్టు. 1857 పరీక్షల్లో సైన్యం వాడే ఎన్‌ఫీల్డును చిత్తుగా ఓడించింది.

1860 జులై 2న వింబుల్డన్‌లో పోటీల ప్రారంభం. విట్‌వర్త్ రైఫిలును ఇనుప ఆధారం మీద బిగించి గురి సరిచేశారు. విక్టోరియా రాణి పట్టుతాడు లాగింది, అంతే. 400 గజాల అవతల గుండు మధ్యబిందువుకు అంగుళంపావు దూరంలో తగిలింది. రాణి తుపాకీ ముట్టుకోనేలేదు! నా బెంగ అక్కడే సగం తీరింది.

ఇంతా చేసి ప్రభుత్వం ఆ రైఫిలు వద్దంది. గొట్టం సన్నం, మసి త్వరగా పట్టేస్తుంది, ఖరీదూ ఎక్కువ అన్నారు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాదివారు కొన్ని తెప్పించుకొని, దూరం నుంచి మనుషులను ఏరి కాల్చడానికి వాడారు. అంత నిజాయితీగా కొలిచినవాడి పనితనం బానిసత్వం కోరేవాళ్ళ చేతికి చిక్కడం నాకు మింగుడుపడలేదు.

1868లో ఇంజనీరింగు చదివే కుర్రాళ్ళకు ఏటా 30 స్కాలర్‌షిప్పులు ఏర్పాటు చేశాడు. 1887 జనవరి 22న మాంటీకార్లోలో కన్నుమూశాడు.

ఈ కథ చెప్తే నాన్న అంతా విని, ఆ 55 డిగ్రీల బోల్టులు ఇప్పుడెక్కడ దొరుకుతాయో కనుక్కోమన్నాడు.