జి.డి. నాయుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు (1893 మార్చి 23 – 1974 జనవరి 4) కోయంబత్తూరుకు చెందిన తెలుగువాడు, మోటారు వాహనాల నిపుణుడు, పారిశ్రామికవేత్త, ఆవిష్కర్త. జి.డి. నాయుడు అన్న పొట్టి పేరుతోనే ఈయన ప్రసిద్ధుడు. భారతదేశపు ఎడిసన్ అని ఈయనను పిలుస్తారు. ఇంజనీరింగు పట్టా మాట అటుంచి, ఈయన బడిచదువే ప్రాథమిక స్థాయిని దాటలేదు. ఇంజను ఎందుకు ఆగిపోయిందో, ఎందుకు వేడెక్కిందో, ఎందుకు పొగ చిమ్ముతున్నదో విప్పి చూసి నేర్చుకున్న ఈయన, ఆ విద్యతోనే దక్షిణ భారతదేశంలో పేరుపొందిన బస్సు సంస్థను నిర్మించాడు.

బాల్యము

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. కొంగునాడులో తరతరాల క్రితం స్థిరపడిన తెలుగు కుటుంబాలలో వీరిదొకటి. ఇంట తెలుగు, ఊరిలో తమిళం మాట్లాడే ఇటువంటి కుటుంబాలు కోయంబత్తూరు ప్రాంతపు వ్యవసాయంలోను, తరువాత అక్కడి నూలు మిల్లులు, యంత్ర పరిశ్రమలలోను ముఖ్యపాత్ర వహించాయి.

బడిలో కూర్చొని పాఠాలు వినడం బాలుడైన నాయుడుకు బొత్తిగా గిట్టలేదు. ఉపాధ్యాయుని మీద ఇసుక చల్లి పారిపోయాడన్న కథ ఈయన జీవితచరిత్రలలో తప్పక కనిపిస్తుంది. అది ఎంతవరకు నిజమైనా, ఈయన పాఠశాల జీవితం త్వరగానే ముగిసిందన్నది వాస్తవం.

విప్పి బిగించిన మోటారు సైకిలు

ఈయన జీవితాన్ని మలుపు తిప్పినది ఒక రడ్జ్ మోటారు సైకిలు. ఒక ఆంగ్లేయ అధికారి దానిపై గ్రామానికి రాగా, ఎద్దుగాని గుర్రంగాని లేకుండా పరుగెత్తే ఆ వాహనాన్ని చూసి యువకుడైన నాయుడు దానిని తన సొంతం చేసుకోవాలని నిశ్చయించుకున్నాడు. ఊరు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా పనిచేస్తూ డబ్బు కూడబెట్టాడు. చివరకు మోటారు సైకిలు కొన్నాడు. కొన్న తరువాత చేసిన మొదటి పని దానిని భాగాలుగా విప్పివేయడం, తిరిగి బిగించడం. ఏ భాగం దేనికి అవసరమో చెప్పే గురువు గాని, చదివి తెలుసుకొనే పుస్తకం గాని ఈయనకు అందుబాటులో లేవు. విప్పిన క్రమాన్ని గుర్తుంచుకొని, అదే క్రమంలో వెనుకకు నడవడమే ఈయన చదువు. ఆ పిమ్మట మెకానిక్కుగా పనిచేశాడు.

మధ్యలో కొంతకాలం ప్రత్తి వ్యాపారంలో దిగి లాభాలు గడించాడు. వాటిని తీసుకొని బొంబాయి వెళ్ళి, అక్కడి ప్రత్తి వ్యాపారంలో అంతా పోగొట్టుకొని తిరిగివచ్చాడు.

బస్సుల వ్యాపారము

కోయంబత్తూరు పారిశ్రామికవేత్త సర్ రాబర్ట్ స్టేన్స్ ప్రోత్సాహంతో నాయుడు 1920లో ఒక బస్సు సంపాదించి, పొళ్ళాచ్చి – పళని పట్టణాల మధ్య తానే నడపసాగాడు. డ్రైవరు, యజమాని, మెకానిక్కు మూడూ తానే. ఆ ఒక్క బస్సు నుండి పెరిగినదే యూనివర్సల్ మోటార్ సర్వీస్, లేక యు.ఎం.ఎస్. కొద్ది సంవత్సరాలలోనే సమయపాలనకు, వాహనాల మంచి స్థితికి ఈ సంస్థ దక్షిణాదిలో పేరు తెచ్చుకున్నది.

మద్రాసు రాష్ట్రంలో బస్సులు ఇటువంటి వ్యక్తుల సొంత పెట్టుబడితో, సొంత శ్రమతో మొదలు కాగా, నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. అక్కడ 1932లో నిజాం రాష్ట్ర రైల్వే సంస్థయే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. ఆ రాజ్యంలోని కామారెడ్డికి రైలుమార్గం ఉన్నది. ఎల్లారెడ్డి వంటి ఊళ్ళకు మాత్రం రోడ్డే దిక్కు. అటువంటి ఊరికి పోయే బస్సు దారిలో ఆగితే ప్రయాణికునికి మరొక మార్గం లేదు. పొళ్ళాచ్చి దారిలోనైనా, ఎల్లారెడ్డి దారిలోనైనా బస్సు నడిపే వానికి ఎదురయ్యే చిక్కు ఒకటే: బానెట్టు క్రింద నుండి తెల్లగా ఏదో లేస్తున్నది, అది ఏమిటి, ఇంకా నడపవచ్చునా, ఆపివేయవలెనా?

పొగ, ఆవిరి – లోపాల గుర్తింపు

ఆ కాలపు మోటారు ఇంజను చాలా త్వరగా వేడెక్కేది. సిలిండర్ల చుట్టూ తిరిగి వేడిని గ్రహించిన నీరు ముందుభాగంలోని రేడియేటరులోకి వచ్చి గాలికి చల్లబడుతుంది. అప్పటి వాహనాలు చాలావాటిలో ఈ నీటిని నడిపించే పంపు కూడా ఉండేది కాదు. వేడినీరు పైకి, చన్నీరు క్రిందికి పోయే సహజ గుణంతోనే అది తిరిగేది. రేడియేటరు మూత ఒత్తిడిని నిలిపి ఉంచే రకం కాదు కనుక నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరిగిపోయేది. ఎండాకాలంలో నిండు బరువుతో ఎగువకు ఎక్కే బస్సు ఆవిరి కక్కడం, డ్రైవరు డబ్బాతో బావికో చెరువుకో పరుగెత్తడం నిత్యకృత్యం.

అయితే బానెట్టు క్రింద నుండి వచ్చేదంతా ఆవిరి కాదు. ఆవిరి గాలిలో కొంత దూరం పోగానే పలచబడి మాయమవుతుంది; పొగ నిలిచి ఉంటుంది, వాసన వదలదు. వాన తరువాత గాని, ఇంజను కడిగిన తరువాత గాని వేడి లోహం మీద పడిన నాలుగు నీటి చుక్కలు కూడా ఆవిరిగా లేస్తాయి. దానితో ప్రమాదం లేదు, కాసేపటికి అదే ఆగిపోతుంది. నీలిరంగు పలచని పొగ, మాడిన నూనె వాసన ఉంటే ఇంజను ఆయిలు కారి వేడిగా ఉన్న పొగగొట్టం మీద పడుతున్నదని అర్థం. పొగగొట్టం చివర నుండే నీలిపొగ వస్తే ఆయిలు సిలిండరులోకి చేరి మండుతున్నది. సాధారణంగా పిస్టన్ రింగులు అరిగిపోయి ఉంటాయి. నల్లపొగ పెట్రోలు అవసరానికి మించి పోతున్నదని చెబుతుంది. ముక్కును మండించే ఘాటైన వాసన వస్తే అది విద్యుత్తు తీగల పైపొర కాలడం. అప్పుడు నీటి కోసం పోరాదు, ముందు బ్యాటరీ తీగ తొలగించాలి.

నిజంగా ఆవిరే అయితే కారణం వెతకవలసిన క్రమం సులభమైనదానితో మొదలవుతుంది. నీరు తగ్గిందా, రబ్బరు గొట్టం చిట్లిందా, ఫ్యాను బెల్టు జారిందా లేక తెగిందా, రేడియేటరు ముందువైపు ఆకులు, పురుగులు, మట్టి పట్టాయా అన్నవి కంటికి కనిపించేవి. బావి నీటిలోని సున్నం లోపలి సన్నని గొట్టాలలో పేరుకొని పూడుకుపోవడం కంటికి కనిపించదు; రేడియేటరును తడిమి చూస్తే ఒక భాగం కాలుతూ, మరొక భాగం చల్లగా ఉండడాన్ని బట్టి తెలుస్తుంది. నీరు పోసిన కొద్దీ తరిగిపోతూ, ఎక్కడా కారినట్లు కనపడకుండా, పొగగొట్టం నుండి తెల్లని ఆవిరి ఆగకుండా వస్తూ, ఆయిలు పాలలాగా తెల్లబడితే హెడ్ గ్యాస్కెట్ పోయినట్లే. అది రోడ్డు పక్కన బాగుపడే జబ్బు కాదు. ఆ స్థితిలో బండిని మరి నాలుగు మైళ్ళు నడిపితే ఇంజనే వంగిపోయి పనికిరాకుండా పోవచ్చును.

ఆవిరి వస్తున్నప్పుడు మూత తీసిన వారి ముఖం, చేతులు కాలిపోవడం, కాలుతున్న ఇంజనులో చన్నీరు పోయగా లోహం పగిలిపోవడం అప్పుడూ ఇప్పుడూ జరిగే ప్రమాదాలే. నేటి కార్లలో నీరు ఒత్తిడి క్రింద ఉంటుంది కాబట్టి మూత తీయడం మునుపటికంటె ఎక్కువ ప్రమాదకరం. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారేవరకు ఆగడం తప్ప మరొక ఉపాయం లేదు.

నాయుడు మెకానిక్కుగా పనిచేసిన రోజులలో కళ్ళు, ముక్కు, చెవులు, చేయి ఇవే ప్రధానమైన పరీక్షా సాధనాలు. ఒక బస్సు ఉన్నప్పుడు యజమాని చెవి చాలును. బస్సులు పెరిగిన తరువాత ఆ అనుభవం ప్రతి డ్రైవరుకూ ఉండదు. నాయుడు తయారుచేసిన పరికరాలలో ఇంజను అదురును పరీక్షించే సాధనాన్ని కూడా చేర్చి చెప్పడానికి ఇదే నేపథ్యం.

ఇతర తయారీలు

1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి ఈయన దేశంలోనే తొలి స్వదేశీ విద్యుత్ మోటారును రూపొందించాడు. కోయంబత్తూరు శివారులోని పీలమేడులో ఇది తయారైంది. నేడు ఆ నగరం మోటార్లకు, పంపుసెట్లకు దేశమంతటా ప్రసిద్ధి పొందడానికి ఇది నాంది అనవచ్చును. చిన్న మోటారుతో పనిచేసే రాసంట్ అనే విద్యుత్ క్షురయంత్రం, అతి పలుచని బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే పంకా, మోసానికి వీలులేని ఓటు నమోదు యంత్రం మొదలైనవి ఈయన ఇతర తయారీలు. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే దేశంలో తయారుచేయగలనని 1941లో ప్రకటించాడు. ఫోటోగ్రఫీ మీద కూడా ఈయనకు మక్కువ ఎక్కువ. 1936లో లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించాడు. ప్రత్తి, బొప్పాయి మొక్కల మీద కూడా ప్రయోగాలు చేశాడు. రాష్ట్ర శాసనసభ ఎన్నికలలో పోటీ చేసి ఓడిపోయాడు.

కళాశాల

1944లో నాయుడు మోటారు వ్యాపారం నుండి విరమించుకొని, పరిశోధక విద్యార్థులకు వేతనాలు, కార్మికుల సంక్షేమం వంటి పనులకు విరాళాలు ప్రకటించాడు. మరుసటి సంవత్సరం ఈయన విరాళంతో కోయంబత్తూరులో, నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట ఒక పాలిటెక్నిక్కు, ఒక ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. బడి దాటని నాయుడే వాటికి ప్రిన్సిపాలు అయ్యాడు.

ఈయనకు ప్రభుత్వంతో భేదం వచ్చినది చదువు కాలం గురించి. ఇంజనీరింగుకు నాలుగేళ్ళు పట్టడం విద్యార్థుల కాలాన్ని వృథా చేయడమేనని, అదే విషయాన్ని రెండేళ్ళలో నేర్పవచ్చునని నాయుడు వాదించాడు. యంత్రం ముందు నిలబెట్టి నేర్పితే ఎంత త్వరగా పట్టుబడుతుందో తన జీవితమే ఈయనకు సాక్ష్యం. అయితే వంతెనలు, బాయిలర్లు లెక్కగట్టడానికి కావలసిన గణితం విప్పి బిగించడం వల్ల రాదన్నది ఎదుటివారు వేయదగిన ప్రశ్న. దానికి ఈయన వాదంలో పూర్తి సమాధానం కనిపించదు. ప్రభుత్వం అంగీకరించకపోగా నాయుడు పదవికి రాజీనామా చేశాడు. ఆ కళాశాలయే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా మారి నేటికీ నడుస్తున్నది.

రెండు వేల రూపాయల కారు

1952లో నాయుడు ఇద్దరు కూర్చోగల పెట్రోలు కారును తయారుచేశాడు. దాని ధర 2,000 రూపాయలు మాత్రమే. పరిశ్రమలకు లైసెన్సు తప్పనిసరి అయిన రోజులవి. ప్రభుత్వం అనుమతి నిరాకరించడంతో ఉత్పత్తి నిలిచిపోయింది. కారు యోగ్యత రోడ్ల మీద తేలవలసింది. ఆ అవకాశమే రాలేదు. ఏళ్ళ తరబడి వాడిన తరువాత ఆ ఇంజను వేడిని ఎంత తట్టుకొని ఉండేదో నేడు ఎవరూ చెప్పలేరు.

పన్నుల విషయంలోను ఈయన ప్రభుత్వంతో దీర్ఘకాలం పోరాడాడు. అధిక పన్నులకు నిరసనగా 1950వ దశకంలో తాను తయారుచేసిన వస్తువులను బహిరంగంగా పగులగొట్టించాడు. ఎవరికైనా ఇచ్చివేయవలసిన విలువైన వస్తువులను ధ్వంసం చేయడం సరికాదని మిత్రులలోనే కొందరు విమర్శించారు.

మరణము, స్మారకాలు

నాయుడు 1974 జనవరి 4న మరణించాడు. ఈయన కుమారుడు జి.డి. గోపాల్ తండ్రి స్థాపించిన ధార్మిక సంస్థను కొనసాగించాడు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఈయన సేకరించిన, తయారుచేసిన యంత్రాల ప్రదర్శనశాల ఉన్నది. 2015లో దానికి తోడుగా పాతకాలపు కార్ల మ్యూజియం ప్రారంభమైంది. వాటి బానెట్టుల క్రింద ఏమున్నదో చూడగోరే విద్యార్థులకు ఇది ఉపయోగకరమైన స్థలం. నాయుడు జీవితంపై ఫిలింస్ డివిజన్ నిర్మించిన డాక్యుమెంటరీకి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో బహుమతి లభించింది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డుపై ప్రారంభమైన సుమారు 10 కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వం జి.డి. నాయుడు పేరు పెట్టింది.