బస్సు కూడా పంపిన మంత్రి

ఐర్లాండ్‌కి ఎంఎస్ అప్లై చేసే సీనియర్ల లిస్టుల్లో టెక్నలాజికల్ యూనివర్సిటీ అనే మాట తరచూ కనిపిస్తుంది. ఆ యూనివర్సిటీల్లో చాలావరకు ఒకప్పుడు చిన్న ఊళ్లలో పెట్టిన రీజనల్ టెక్నికల్ కాలేజీలే. వాటి వెనకాల ఉన్న పేర్లలో డొనా ఓమాలీ ఒకటి. ఐర్లాండ్‌లో ఇప్పటికీ అందరికీ తెలిసిన పేరు. మనలాగే ఆయనా ఇంజనీరింగ్ స్టూడెంటే.

ఓమాలీ 1921లో లిమరిక్ నగరంలో పుట్టారు. గాల్వేలో సివిల్ ఇంజనీరింగ్ చదివారు. రగ్బీ బాగా ఆడేవారు. మన్‌స్టర్, లెన్‌స్టర్, కనాట్ అనే మూడు ప్రాంతాల జట్లకీ ఆడారు. అంటే మన లెక్కలో మూడు రాష్ట్రాల తరఫున రంజీ ఆడినట్టు. 1954లో ఫియనా ఫాయిల్ పార్టీ నుంచి పార్లమెంటుకి గెలిచారు. 1961లో లిమరిక్ మేయర్, 1965లో ఆరోగ్య మంత్రి, 1966 జులైలో విద్యా మంత్రి అయ్యారు.

అప్పటి పరిస్థితి ఏంటంటే, హైస్కూళ్లు ఎక్కువగా చర్చిల చేతుల్లో ఉండేవి, ఫీజు కట్టాలి. 1965లో వచ్చిన ఒక ప్రభుత్వ రిపోర్టు ప్రకారం పిల్లల్లో దాదాపు మూడో వంతు ప్రైమరీతోనే చదువు ఆపేస్తున్నారు. దేశంలో ఫ్యాక్టరీలు వస్తున్నాయి, టెక్నీషియన్లు మాత్రం దొరకట్లేదు.

ప్రాంతానికో టెక్నికల్ కాలేజీ పెడదామనే ఆలోచన ఓమాలీది కాదు. 1963లోనే ఆయనకి ముందున్న మంత్రి పాట్రిక్ హిల్లరీ ప్రకటించారు. కానీ పని ముందుకి కదల్లేదు. ఓమాలీ ఒక కమిటీ వేసి, ఆ కాలేజీల్లో ఏం నేర్పాలి, ఎలా కట్టాలి అని తేల్చమన్నారు. 1967లో రిపోర్టు వచ్చింది.

అయితే కాలేజీ కడితే సరిపోదు కదా! హైస్కూలే దాటని పిల్లాడు టెక్నికల్ కాలేజీకి ఎలా వస్తాడు? ఓమాలీ పట్టుకున్న అసలు పాయింట్ ఇదే. 1966 సెప్టెంబర్ 10న జర్నలిస్టుల సభలో, వచ్చే ఏడాది నుంచి హైస్కూలు చదువు ఉచితం అని ప్రకటించేశారు. ఆర్థిక శాఖ అనుమతి తీసుకోలేదు. ఆ శాఖ అధికారులు మండిపడ్డారు. ప్రధాని షాన్ లెమాస్‌కి మాత్రం విషయం ముందే తెలుసని చాలామంది చరిత్రకారులు అంటారు. ప్రకటన జనంలోకి వెళ్లిపోయాక ఇక వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాలేదు.

1967లో స్కీమ్ మొదలైంది. ఫీజు ఒక్కటే తీసేసి ఊరుకోలేదు, స్కూలుకి 3 మైళ్ల కన్నా దూరంలో ఉన్న పిల్లలకి ఉచితంగా బస్సు కూడా పెట్టారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినా బస్సు ఫీజు వేరేగా కట్టుకునే మనకి దాని విలువ ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఆయన అనుకున్నవన్నీ జరగలేదు. డబ్లిన్‌లోని రెండు పెద్ద యూనివర్సిటీ కాలేజీలని కలిపేద్దామని 1967లో ప్రతిపాదించారు, అది ఆగిపోయింది. 1968 మార్చి 10న, ఒక ఉప ఎన్నిక ప్రచార సమయంలో హఠాత్తుగా చనిపోయారు. వయసు 47. విద్యా మంత్రిగా చేసింది 20 నెలలే. ఆ టెక్నికల్ కాలేజీల్లో ఒక్కటి తెరవడం కూడా ఆయన చూడలేదు.

1970 నాటికి అథ్లోన్, కార్లో, డన్‌డాక్, స్లైగో, వాటర్‌ఫర్డ్‌లలో మొదటి ఐదు కాలేజీలు నడవడం మొదలైంది. ఉచిత హైస్కూలులో చదివిన పిల్లలే తర్వాత వాటిని నింపారు. మొదట్లో ఎక్కువగా సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులే. 1990ల చివర్లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అని పేరు మారింది. 2018లో చట్టం వచ్చింది. పీహెచ్‌డీ ఉన్న టీచర్లు ఎంతమంది ఉండాలి, రీసెర్చ్ స్టూడెంట్లు ఎంతమంది ఉండాలి అని అందులోనే రాశారు. 2019 నుంచి 2022 లోపు ఐదు టెక్నలాజికల్ యూనివర్సిటీలు ఏర్పడ్డాయి. మొదటి ఐదు కాలేజీల్లో నాలుగు వాటిలో కలిశాయి.

మన దగ్గర అనంతపురం, కాకినాడ, హైదరాబాద్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలని కలిపి 1972లోనే జేఎన్‌టీయూ పెట్టారు. అంటే పేరు మనకే ముందొచ్చింది. వాళ్లకి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. కానీ ఈలోపు ఆ చిన్న ఊళ్లలో, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు ఎంతోమంది చదువుకుని బయటికొచ్చారు. కాలేజీ గేటు మీద బోర్డు మారినప్పుడల్లా మనం సంబరపడతాం, తప్పేం లేదు. ఆ గేటు దాకా రాగలిగేవాళ్లు పెరిగారా లేదా అని కూడా ఒకసారి చూసుకోవాలి. ఓమాలీ మొదలుపెట్టింది అక్కడి నుంచే.