ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ చరిత్రము

భూగోళపటమును జూచు విద్యార్థులకు అందలి హద్దులన్నియు సృష్ట్యాదినుండి యట్లే యున్నవని తోచుట సహజము. ఆసియా ఖండపు జంతువులును పక్షులును ఎచ్చట ముగిసి, ఆస్ట్రేలియావి ఎచ్చట నారంభమగునో తెలుపు హద్దును సముద్రముపై గీచి, పిదప దానిని తానే సవరించిన వాలెస్ పండితుని జీవితమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈయన 1823వ సంవత్సరము జనవరి 8వ తేదీన వేల్సు దేశమందు అస్క్ పట్టణసమీపమున జన్మించెను. తండ్రి యాస్తి క్షీణించుటచే పదునాలుగేండ్ల ప్రాయముననే బడి మానవలసి వచ్చెను. పిమ్మట అన్నయగు విలియముతో గూడి పొలములు కొలుచు సర్వే పనిలో ప్రవేశించెను. 1844లో లెస్టరు పట్టణమున నొక పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. అచ్చట బేట్సు అను యువకునితో స్నేహము కలుగగా, పెంకుపురుగులను సేకరించు నభిరుచి యేర్పడెను.

1848లో ఆ మిత్రులిరువురును అమెజాన్ నదీప్రాంతమునకు వెళ్లిరి. వాలెస్‌కు తోడుగా నచ్చటికి వచ్చిన తమ్ముడు హెర్బర్టు 1851లో విషజ్వరముచే మరణించెను. మరుసటి యేట వాలెస్ స్వదేశమునకు మరలుచుండగా నడిసముద్రమున ఓడ తగులబడి, ఆయన వెంట దెచ్చుచున్న సేకరణమంతయు భస్మమయ్యెను. పది దినములు చిన్న పడవలో గడపినపిదప మరియొక ఓడవా రాయనను రక్షించిరి. ఇట్టి నష్టము కలిగినను ఆయన నిరాశ చెందలేదు.

1854లో మలయా ద్వీపసముదాయమునకు పయనమై, ఎనిమిదేండ్లలో సుమారు 14,000 మైళ్లు సంచరించి, 1,25,000కు మించిన జీవజాతుల నమూనాలను ప్రోగుచేసెను. అలీ అను సారవాక్ బాలుడు ఆయనకు నమ్మకమైన తోడ్పాటు నొసగెను. 1858లో టెర్నాటె ద్వీపమునుండి డార్విను పండితునకు వ్రాసిపంపిన వ్యాసమువలన, ప్రకృతివరణ సిద్ధాంతమును కనుగొన్నవారిలో ఈయనయు నొక్కడని లోకమునకు తెలిసెను.

హద్దు సంగతి 1856లో ఆయన దృష్టికి వచ్చెను. ఆ యేట బాలి ద్వీపమునుండి లొంబోక్ ద్వీపమునకు దాటెను. నడుమ సముద్రము సుమారు 20 మైళ్లు మాత్రమే. అయినను బాలిలో గానవచ్చిన వడ్రంగిపిట్టలు లొంబోక్‌లో మాయమయ్యెను. ఆస్ట్రేలియా జాతివగు కాకతువలు కనబడెను. శీతోష్ణస్థితి యొక్కటే, నేలయు నించుమించు నొక్కటే. మరి యీ భేదమేల? బాలి పూర్వము ఆసియాతో గలిసియుండెననియు, లొంబోక్ అట్లు కలియలేదనియు ఆయన యూహించెను. హిమయుగములలో సముద్రమట్టము సుమారు 120 మీటర్లు తగ్గి, బాలి, జావా, బోర్నియోలు ఆసియాతో నేకమయ్యెననియు, మిక్కిలి లోతైన లొంబోక్ జలసంధి మాత్రము ఆరలేదనియు తరువాతి పరిశోధనలు నిరూపించినవి.

1863లో ఆయన ప్రకటించిన పటమున ఆ గీత బాలి లొంబోక్‌ల నడుమను, బోర్నియో సెలెబీసుల నడుమను సాగెను. 1868లో హక్స్లీ పండితుడు దానికి వాలెస్ పేరిడి, ఫిలిప్పీనులలో అధికభాగమునకు పడమరగా దానిని జరిపెను. సెలెబీసు, అనగా నేటి సులవేసి, ఏ వైపునకు చెందునను ప్రశ్న వాలెస్‌ను చిరకాలము బాధించెను. తుదకు 1910లో, ఎనుబదియేడేండ్ల వయస్సున, తన గీతను తానే మార్చి ఆ ద్వీపమును ఆసియా వైపున చేర్చెను. నేడు శాస్త్రజ్ఞులు రెండు ఖండముల జీవులును గలిసియుండు ఆ నడిమి దీవులను ప్రత్యేక ప్రాంతముగా నెంచి, వాలేసియా యని పిలుచుచున్నారు.

యౌవనమున ఆయన వేల్సులో ఉమ్మడి బీళ్లను సొంత భూములుగా విభజించు సర్వేలలో పనిచేసెను. దానివలన బీదల మేతభూములు పోవుట యన్యాయమని తరువాత గ్రహించి, 1881లో భూమి జాతిపరము కావలెనను సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1913 నవంబరు 7వ తేదీన తొంబదవ యేట దాటి స్వర్గస్థుడయ్యెను.

విద్యార్థులారా, పటము గీయునప్పుడు ఈయనను స్మరింపుడు. కన్నులతో జూచి గీత గీయుటయు, క్రొత్త సాక్ష్యము దొరకినప్పుడు వృద్ధాప్యమందైనను సిగ్గుపడక దానిని సవరించుటయు ఆయనవలన మనము నేర్వదగిన గుణములని మా యభిప్రాయము.