మోరిస్ జోబేర్ - తెర వెనుక స్వరకర్త

సినిమా చూచి వచ్చినవారిని సంగీతం ఎవరిదని అడిగితే, పాటలున్న చిత్రమైతే వెంటనే చెప్తారు. పాటలు లేని చిత్రమైతే, అందులో సంగీతం ఉన్నదా అని ఎదురు ప్రశ్న వేస్తారు. అట్టి సంగీతానికే తన జీవితాన్ని ఇచ్చిన ఒక ఫ్రెంచివానిని గురించి ఈ సంచికలో వ్రాయదలచాము. ఆయన పేరు మోరిస్ జోబేర్. ఫ్రెంచిలో చదువుకొన్న మన మారిషస్ తెలుగు కుటుంబాలలో కూడా ఈ పేరు ఎరిగినవారు కొద్దిమందే.

జోబేర్ 1900 జనవరి 3వ తేదీన దక్షిణ ఫ్రాన్సులోని నీస్ నగరంలో జన్మించాడు. తండ్రి పేరుగల న్యాయవాది. కొడుకు చిన్నప్పుడే పియానో నేర్చినా, తండ్రి దారిలోనే పారిస్ వెళ్ళి న్యాయశాస్త్రం చదివాడు. ఇరవై ఏళ్ళ ప్రాయానికే వకీలయ్యాడు. దేశంలో ఆయనకంటే చిన్న వకీలు లేడని చెప్పుకొనేవారు. 1923లో ఆ వృత్తిని వదలి సంగీతంలోకి వచ్చేశాడు. ఇట్టి నిర్ణయం ఏ ఇంట్లోనూ తేలిక కాదు. మా అబ్బాయికి మీరైనా బుద్ధి చెప్పండి మాస్టారూ అంటూ బడికి వచ్చిన తల్లిదండ్రులను మేము చాలామందిని చూచాము.

1926లో మార్త్ బ్రేగా అనే గాయనిని ఆయన వివాహమాడాడు. ఆ పెండ్లికి సాక్షిగా నిలిచినవాడు సుప్రసిద్ధ స్వరకర్త మోరిస్ రావెల్.

అవి సినిమా మాటలు నేర్చుకొంటున్న రోజులు. తెరమీద మనిషి మెట్లెక్కితే సంగీతమూ మెట్లెక్కేది, అతడు పడితే డప్పు మ్రోగేది. ఈ పద్ధతి జోబేరుకు నచ్చలేదు. కంటికి కనిపించినదాన్నే చెవికి మళ్ళీ చెప్పడమెందుకని ఆయన వాదం. తక్కువ వాద్యాలతో, అవసరమైనచోట మాత్రమే సంగీతం పెట్టేవాడు. మిగతాచోట్ల నిశ్శబ్దమే.

1933లో జాఁ విగో అనే యువ దర్శకుడు తీసిన చిత్రం పేరుకు తెలుగులో 'ప్రవర్తనకు సున్న' అని అర్థం. హాస్టలు పిల్లలు పెద్దలమీద తిరుగబడే కథ. ఉపాధ్యాయులను ఎగతాళి చేసే చిత్రమే అయినా మాకు చాలా ఇష్టం. రాత్రివేళ పిల్లలు దిండ్లతో కొట్టుకొంటారు, దూది వలె ఈకలు గాలిలో తేలుతాయి, అందరూ మెల్లగా ఊరేగింపుగా నడుస్తారు. ఈ ఘట్టానికి జోబేర్ ఒక బాణీ కట్టి, దాని స్వరాలను చివరినుండి మొదటికి తిరగవ్రాయించి వాయింపజేశాడు. ఆ రికార్డింగును మళ్ళీ వెనుకకు త్రిప్పి చిత్రంలో కలిపాడు. బాణీ సరిగానే వినిపిస్తుంది, కాని ప్రతి స్వరమూ మెల్లగా ఉబ్బి చటుక్కున ఆగిపోతుంది. కలలో విన్నట్లుంటుంది. కంప్యూటర్లు లేని కాలంలో చేసిన పని ఇది! ఆ చిత్రాన్ని ప్రభుత్వం నిషేధించింది. 1945 వరకు అది ప్రజలకు అందలేదు.

మరుసటి సంవత్సరం విగో తీసిన 'లాతలాంత్' గతి ఇంకా విచారకరం. ఒక పడవవాడు, అతని కొత్త భార్య, నది, ఇంతే కథ. వ్యాపారులకు ఆ చిత్రం నచ్చలేదు. దాన్ని కత్తిరించి, జోబేర్ సంగీతాన్ని చాలావరకు తీసివేసి, అప్పుడు జనం నోళ్ళలో నానుతున్న మరొకరి పాటను అతికించి, ఆ పాట పేరునే చిత్రానికి పెట్టి విడుదల చేశారు. 1934 అక్టోబరులో విగో కన్నుమూశాడు. అతనికి 29 ఏళ్ళు. చిత్రాన్ని తిరిగి చక్కదిద్ది చూపించడానికి 1990 దాకా పట్టింది.

జోబేర్ ఆగలేదు. రెనే క్లేర్, దువివియే, మార్సెల్ కార్నేల చిత్రాలకు పని చేశాడు. కార్నే 1939లో తీసిన 'తెల్లవారుతోంది' చిత్రంలో, మేడమీది గదిలో తలుపు వేసుకొని పోలీసులకు చిక్కకుండా కూర్చున్న మనిషి గుండెచప్పుడు వలె డప్పు మంద్రంగా మ్రోగుతుంది.

అదే సంవత్సరం యుద్ధం వచ్చింది. ఇంజినీరు దళంలో కాప్టెనుగా జోబేర్ సరిహద్దుకు వెళ్ళాడు. అక్కడ కూడా యుద్ధకాలం కోసం మూడు కీర్తనలకు స్వరాలు కూర్చాడు. 1940 జూన్ 19న తూర్పు ఫ్రాన్సులో గాయపడి మరణించాడు. మూడు రోజుల తరువాత, 22వ తేదీన, యుద్ధ విరమణ ఒప్పందంపై సంతకాలు జరిగాయి.

ముప్పై అయిదేళ్ళు గడిచాయి. 1975లో దర్శకుడు ఫ్రాంస్వా త్రుఫో తన కొత్త చిత్రానికి బ్రతికివున్న స్వరకర్తను పిలువలేదు. జోబేర్ పాత స్వరాలను వెదకి తెచ్చి కొత్తగా వాయింపజేశాడు. 1978 వరకు వరుసగా నాలుగు చిత్రాలకు అదే చేశాడు. వాటిలో బడిపిల్లల కథ అయిన 'జేబు ఖర్చు' ను మేము యౌవనంలో చూచాము. ఆ సంగీతకారుడు ఎప్పుడో యుద్ధంలో పోయాడని అప్పుడు మాకు తెలియదు. నాలుగవది 'పచ్చ గది'. అందులో త్రుఫోయే నటించాడు. చనిపోయిన తనవారి కోసం కొవ్వొత్తులు వెలిగించే మనిషి కథ. ఆ దీపాల నడుమ ఉంచిన ఫోటోలలో ఒకటి మోరిస్ జోబేర్‌ది.