రమాబాయి విశ్వాసం, రమాబాయి వివేకం

ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, గుజరాత్ మతమార్పిడి చట్టాలలో ఒక పోలిక ఉంది. చట్టవిరుద్ధంగా మతం మార్చబడినవారు స్త్రీలు, మైనర్లు, ఎస్సీ, ఎస్టీలు అయితే శిక్ష ఎక్కువ. రక్షణ పేరిట వయోజనులైన స్త్రీలనూ దళిత ఆదివాసులనూ పసిపిల్లల పక్కన నిలబెట్టే చూపు ఇది. వీరు తమంతట తాము ఆలోచించి విశ్వాసాన్ని ఎంచుకోగలరన్న ఊహకే ఇందులో చోటు తక్కువ. పండిత రమాబాయి (1858-1922) జీవితం ఈ చూపును నూట నలభై ఏళ్ల కిందటే ప్రశ్నించింది.

ఆమె తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే బ్రాహ్మణ పండితుడు. భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పి ఛాందసుల ఆగ్రహానికి గురయ్యారు. ఆ తల్లే రమాబాయికి గురువు. పురాణ పఠనమే జీవనాధారంగా తీర్థాలు తిరిగిన ఆ కుటుంబంలో తల్లిదండ్రులు, అక్క కరవు పాలయ్యారు. మిగిలిన అన్నాచెల్లెళ్లు కాలినడకన దేశం తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమెకు పండిత, సరస్వతి బిరుదులిచ్చారు.

ధర్మశాస్త్రాలు చదివేకొద్దీ ఆమెకు ఒక సంగతి బోధపడింది. అనేక విషయాల్లో పరస్పరం విభేదించే ఆ గ్రంథాలు స్త్రీలను, శూద్రులను కించపరచడంలో మాత్రం ఏకమవుతున్నాయి. 1880లో బ్రాహ్మణేతరుడైన బెంగాలీ న్యాయవాది బిపిన్ బిహారీ మేధావిని ఆమె వివాహమాడారు. రెండేళ్లలోపే భర్త మరణించారు. పసిబిడ్డ మనోరమతో పుణె చేరి, 1882లో ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించారు.

1883లో ఇంగ్లండ్ వెళ్లిన ఆమెను అక్కడి క్రైస్తవ సన్యాసినుల సేవ కదిలించింది. లోకం పతితలని వెలివేసిన స్త్రీలను వారు మనుషులుగా ఆదరించడం చూశారు. సమరయ స్త్రీతో క్రీస్తు సంభాషించిన ఘట్టం ఆమె మనసులో నాటుకుంది. ఆ సెప్టెంబర్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. స్వదేశంలో నిందలు చెలరేగినప్పుడు ఆమె పక్షాన నిలిచినవారు జోతిబా ఫూలే.

అయితే ఒక పురోహితవర్గాన్ని విడిచింది మరో పురోహితవర్గానికి తలవంచడానికి కాదు. త్రిత్వ సిద్ధాంతంపై, చర్చి అధికారంపై ఆమె సన్యాసినులతో వాదించారు. పురుషులకు పాఠం చెప్పరాదన్న బిషప్పుల అభ్యంతరాన్ని నిలదీశారు. శిలువపై లాటిన్ అక్షరాలెందుకు, సంస్కృతం ఉండకూడదా అని అడిగారు. విశ్వాసం ఆమెకు ప్రశ్నను మాన్పే మందు కాలేదు, ప్రశ్నించే ధైర్యమైంది.

ఆ ఎదుగుదల ఆమె సంస్థల్లోనూ కనిపిస్తుంది. 1889లో బొంబాయిలో తెరిచిన శారదా సదన్ ప్రధానంగా అగ్రకుల వితంతువులది. అక్కడ కుల నియమాలు పాటించే వీలు కూడా కల్పించారు. సదన్ పుణెకు మారాక, బాలికలను క్రైస్తవంలోకి తిప్పుతున్నారన్న ఆరోపణతో 1893లో దుమారం రేగింది. తిలక్ పత్రిక కేసరి విరుచుకుపడింది. చాలామంది తమ బిడ్డలను వెనక్కి తీసుకుపోయారు. 1896-97 కరవులో ఆమె మధ్య పరగణాలకు వెళ్లి, అనాథలైన వందలాది బాలికలను కులం చూడకుండా కేడ్‌గావ్‌లోని ముక్తి సదనానికి తెచ్చారు. బాల్యంలో తన ఇంటిని మింగిన ఆకలే మళ్లీ ఎదురైన వేళ, అగ్రకుల వితంతువు దగ్గర మొదలైన ఆమె కరుణ కులం గీత దాటింది. చదువుతోపాటు నేత, ముద్రణ వంటి పనులు నేర్చుకుని ఆ బాలికలు తమ కాళ్లపై నిలబడ్డారు. హీబ్రూ, గ్రీకు మూలాల నుంచి తాను చేసిన మరాఠీ బైబిల్ అనువాదాన్ని రమాబాయి వారి చేతులతోనే అచ్చు వేయించారు.

ఏ మతమైనా మనిషిని ఎదిగించిందో లేదో తేల్చడానికి రమాబాయి జీవితం రెండు కొలతలు ఇస్తుంది. ఆ మతం ఆలోచించే హక్కును మిగిల్చిందా? కరుణ పరిధిని కులం బయటికి విస్తరించిందా? ఈ కొలతలు దళితులను వెనుక బెంచీల్లో, వేరే శ్మశానాల్లో ఉంచిన చర్చికీ వర్తిస్తాయి. స్త్రీకి, దళితుడికి సొంత మనస్సాక్షి ఉందని ఒప్పుకోలేని చట్టానికీ వర్తిస్తాయి.