కొగ్గలలోని పాత యిల్లు

సింహళద్వీపపు దక్షిణతీరమున గాల్ పట్టణమునుండి మాతరకు బోవు త్రోవలో, సముద్రమునకును సరస్సునకును నడుమ కొగ్గల యను గ్రామమున్నది. అచట చెట్లనీడను నిలిచియున్న పాత యింటిలోనే సింహళ నవలాకారులలో అగ్రగణ్యులగు మార్టిన్ విక్రమసింహగారు 1890 మే 29వ తేదీన జన్మించిరి. 1976 జూలై 23వ తేదీన వారు గతించిన పిమ్మట చితాభస్మమును ఆ యింటిచెంతనే నిక్షేపించిరి.

ఆ యిల్లు నేటికి మిగులుటయే వింత. 1942లో జపానుతోడి యుద్ధము సమీపింపగా ఆంగ్లప్రభుత్వమువారు విమానస్థావరమునకై కొగ్గలవాసులను ఊరు విడువ నాజ్ఞాపించి యిండ్లు కూల్చివేసిరి. ఈ యిల్లు మాత్రము తప్పినది. తాతముత్తాతలనాటి నేలను ఒక్క ఉత్తరువుతో విడిచిపోవుట యెట్టిదో భూవసతి గల మన పాఠకులకు వేరుగ జెప్పనక్కరలేదు.

విక్రమసింహగారు ఏడేండ్లకే నాగరలిపి నేర్చి హితోపదేశమును చాలవఱకు కంఠస్థము చేసిరి. గాల్ లోని ఆంగ్లపాఠశాలలో రెండేండ్లు గడచినవో లేదో తండ్రి మరణించెను. పిమ్మట చదువు సాగలేదు. కొలంబోలో ఒక అంగడిలో లెక్కలు వ్రాయుచు దొరకిన గ్రంథమెల్ల చదివిరి. 1914లో లీల యను తొలినవలను వెలువరించిరి. 1916నుండి దినమిణ పత్రికలో వృక్షములను, జంతువులనుగూర్చి హేతువాది యను పేర వ్యాసములు వ్రాసి, 1920లో ఆ పత్రికలోనే చేరి, 1932లో సంపాదకులైరి. దినపత్రికకు చాకిరిచేయువానికి నవల వ్రాయ తీరిక యెట్లు చిక్కునో మా వృత్తివారికే తెలియదు. వారును 1946లో ఉద్యోగము వీడిరి.

ఊరు ఖాళీయైన రెండేండ్లకు, 1944లో, గంపెరళియ వెలువడెను. గ్రామము తలక్రిందులగుట యని దాని యర్థము. మహాగెదర యను పెద్దింటి కూతురు నంద. ఆమెకు ఇంగ్లీషు చెప్పవచ్చిన పియల్ వలచెను. అంతస్తు చాలదని పెద్దలు త్రోసిపుచ్చిరి. వంశమర్యాదకు దగినవాడని జినదాసునకిచ్చిరి. అతడు ధనార్జనకై దూరమేగి దిక్కులేక మరణించెను. తుదకు వర్తకమున ధనికుడైన పియలే ఆమె చేయిపట్టెను. రచయిత పెద్దింటివారిని నిందింపలేదు, వర్తకుని పొగడలేదు. తోటలు తాకట్టుపడుచున్నను పూర్వపు ఠీవి వదలలేని యిండ్లు మన జిల్లాలలో లేవా?

యుగాంతయ, కలియుగయ యను నవలలలో ఈ కథ తరువాతి తరములకు సాగెను. గంపెరళియనుబట్టి తీసిన చిత్రమునకు 1965లో ఢిల్లీ చలనచిత్రోత్సవమున స్వర్ణమయూరము లభించెను. 1973లో బుద్ధుని మానవునిగ జూపిన భవతరణయ వ్రాసినపుడు భిక్షువులు కొందఱు ఆగ్రహించిరి. ఎనుబదిమూడేండ్ల వృద్ధుడు హేతువాది యను పాతపేరును మఱువలేదు కాబోలు!

1981లో ఆ యింటి ఆవరణమున జానపద వస్తుప్రదర్శనశాల నెలకొల్పిరి. నాగళ్లు, వలలు, కుండలు, బండ్లు, ఆటబొమ్మలు అందున్నవి.