కమలా సోహోనీ

ఇండోరు నగరమున 1911వ సంవత్సరమున భాగవత్ వంశమునందు కమల జన్మించెను. తండ్రి నారాయణరావు, తండ్రి సోదరుడు మాధవరావు ఇరువురును రసాయనశాస్త్రవేత్తలు. ఇరువురును బెంగుళూరునందలి టాటా విజ్ఞానశాస్త్ర సంస్థలో విద్య గడించినవారే. మరాఠీ సాహిత్యమున గొప్ప పేరు గాంచిన దుర్గా భాగవత్ కమలకు స్వయముగ అక్క. ఇట్టి యింట పుట్టిన బాలికకు చదువునందు శ్రద్ధ, రసాయనశాస్త్రమునందు మక్కువ కలుగుటలో వింత లేదు.

1933లో ఆమె బొంబాయి విశ్వవిద్యాలయము వారి బి.ఎస్సి. పరీక్షలో ప్రథమస్థానము పొందెను. తండ్రి చదివిన బెంగుళూరు సంస్థలోనే తానును పరిశోధన చేసి ఎం.ఎస్సి. పట్టము పొందవలెనని నిశ్చయించుకొని దరఖాస్తు పంపెను. మార్కులను బట్టి చూచిన ఆమెకు ప్రవేశము తప్పక లభింపవలసినదే. ఆ కాలమున ఆ సంస్థకు అధిపతి 1930లో నోబెల్ బహుమానము పొందిన సర్ సి. వి. రామన్. ఆయన స్త్రీలు పరిశోధనకు తగరని తలచి, ఆ దరఖాస్తును త్రోసిపుచ్చెను.

తండ్రియు, మాధవరావును ఎంతగ నచ్చజెప్పినను రామన్ తన పట్టు వీడలేదు. అప్పుడు కమల తానే బెంగుళూరు పోయెను. తాను స్త్రీ యగుట తప్ప తనయందు గల లోప మేదియో చెప్పుమని ఆయన నడిగి, గాంధీమహాత్ముని మార్గము నవలంబించి ఆయన కార్యాలయము నెదుట సత్యాగ్రహమునకు పూనుకొనెను. తుదకు రామన్ కొంత మెత్తబడి మూడు నియమములపై ప్రవేశ మిచ్చెను. మొదటి సంవత్సరము ఆమెను విద్యార్థినిగ లెక్కింపరు. పని నచ్చిననే గుర్తింపు. గురువు కోరినప్పుడు రాత్రివేళలందు సైతము పని చేయవలెను. ఆమె వలన ప్రయోగశాలలోని పురుషుల ఏకాగ్రతకు భంగము కలుగరాదు. ఈ మూడవ నియమము విన్నవారికి నేడు నవ్వు వచ్చును. నాడు ఆమెకు మాత్రము నవ్వు రాలేదు. ఆ యవమానమును దిగమ్రింగి పనిలో ప్రవేశించెను.

ఆమెకు లభించిన గురువు శ్రీనివాసయ్య. ఆయన పనియెడ మిక్కిలి కఠినుడు; కాని విద్య నేర్పుటలో లోభము లేనివాడు. పాలలోను, పప్పుధాన్యములలోను గల మాంసకృత్తులు ఆమె పరిశోధనకు విషయమయ్యెను. మాంసము తిననివారికిని, తినగోరినను కొనజాలని పేదలకును పప్పే పుష్టి నిచ్చు ఆహారము. కాని ఏ పప్పులో ఎంత పుష్టి కలదో నోటి రుచి చెప్పజాలదు.

ఆ పని ఓర్పుతో గూడినది. పప్పును మెత్తగ విసరి ఉప్పునీటిలో కలిపినచో కొన్ని మాంసకృత్తులు ఆ నీట కరగును. దానిని వడపోసి, ద్రవమునుండి మాంసకృత్తును మరల వేరుపరుపవలెను. పిదప దానియందలి నత్రజనిని కొలువవలెను. మాంసకృత్తులో నూటికి సుమారు 16 పాళ్లు నత్రజని యుండును. కావున దొరకిన నత్రజనిని 6.25 చేత హెచ్చవేసిన మాంసకృత్తు పరిమాణము తెలియును. చిక్కేమనగా, గింజలోని నత్రజని యంతయు మాంసకృత్తునకు చెందినది కాదు. ఆ తక్కినదానిని విడదీయక లెక్కించినచో, లేని బలము ఉన్నట్లు తోచును. అందుచే కొలచినదానినే మరల మరల కొలువవలసి యుండును. ఒక సంవత్సరము ఆమె ఇట్టి పనిలోనే తెల్లవారుజామునుండి రాత్రి చాల ప్రొద్దుపోవువరకు గడపెను.

ఏడాది నిండునప్పటికి రామన్ ఆమె నిష్ఠను చూచి సంతృప్తుడై, ఆమెను విద్యార్థినిగ గుర్తించెను. అంతే కాదు, అటుపిమ్మట ఇతర స్త్రీలకును ఆ సంస్థ ద్వారములు తెరువబడెను. 1936లో కమల తన పరిశోధన వ్యాసమును ముగించి, విశేష ప్రతిభతో ఎం.ఎస్సి. పట్టము గైకొనెను.

మరుసటి సంవత్సరము ఆమె విద్యార్థివేతనముతో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి చేరెను. జీవకణములు ప్రాణవాయువును వినియోగించుకొనుటకు తోడ్పడు సైటోక్రోమ్ సి అను పదార్థము మొక్కలయందును కలదని, రాబిన్ హిల్ వద్ద ఉర్లగడ్డలపై పనిచేయుచు ఆమె కనిపెట్టెను. ఆ విషయమున డాక్టరు పట్టమునకై ఆమె సమర్పించిన వ్యాసము కేవలము 40 పుటలు. వందలకొలది పుటలు వ్రాయు పండితుల నడుమ అది చిన్న పుస్తకమే, పరీక్షకులకు చాలినది. 1939లో ఆమెకు పట్టము లభించెను. విజ్ఞానశాస్త్రమున పిహెచ్.డి. పొందిన ప్రథమ భారతీయ వనితగ ఆమెను చెప్పుదురు.

విదేశమున నిలువక ఆమె ఆ సంవత్సరమే స్వదేశమునకు మరలెను. ఢిల్లీలోని లేడీ హార్డింజి వైద్యకళాశాలలో జీవరసాయనశాస్త్ర శాఖను నడపెను. పిదప కూనూరునందలి ఆహార పరిశోధనశాలలో పనిచేసెను. 1947లో ఎం. వి. సోహోనీని వివాహమాడి బొంబాయి చేరి, అచటి విజ్ఞానశాస్త్ర సంస్థలో ఆచార్యపదవి వహించెను. రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు సూచనపై ఆమె చేపట్టిన నీరా పరిశోధన ప్రసిద్ధమైనది. తెల్లవారకమునుపే చెట్టునుండి దింపిన తియ్యని నీరా పులిసినచో కల్లగును, పులియనిచో పోషకాహారము. అందు విటమినులు, ఇనుము కలవనియు, పోషణలేమిచే బాధపడు గిరిజన బాలబాలికలకును గర్భిణులకును అది మేలు చేయుననియు ఆమె తెలిపెను. ఇందులకు రాష్ట్రపతి బహుమానము లభించెను. ఆ సంస్థకు అధ్యక్షపదవి మాత్రము ఆమెకు ఆలస్యముగనే వచ్చెను.

రామన్ గొప్ప శాస్త్రజ్ఞుడని ఆమె ఎన్నడును కాదనలేదు; కాని స్త్రీ యైనందున తనకు జరిగిన అవమానమును ముదిమియందును మరువలేదు, దాచనులేదు. 1998లో భారత వైద్య పరిశోధన మండలి వారు ఆమెను ఢిల్లీకి పిలిచి సన్మానము జరిపిరి. ఆ సభలోనే ఆమె స్పృహ తప్పి కూలిపోయి, కొలది కాలమునకే కన్నుమూసెను.